నిలువెత్తు బంగారానికి తరుగు

పోయినవాటి లెక్క ముందు చెప్పుకోవాలి.

ఒంట్లోంచి యాభై ఒక్క కిలోలు పోయాయి. పొట్టసంచిలో ముప్పావు వంతు కోసి తీసేశామని డాక్టరు చెప్పాడు. నేను చూడలేదు కాబట్టి అది ఆయన మాట మీదే రాస్తున్నాను. జడ సగమైంది. పదకొండు జాకెట్లు పనికిరాకుండా పోయాయి. ఎడమకాలి మెట్టె ఇంద్రావతి రేవులో జారిపోయింది, వెతికినా దొరకలేదు. గ్లాసుడు నీళ్లు గటగటా తాగడం పోయింది. ఎండుచేపల పులుసు మీద ఇష్టం పోయింది, ఇప్పుడు వాసనకే కడుపులో తిప్పుతుంది. రోజూ సాయంత్రం వచ్చి నాతో కూర్చుని మిరపకాయ బజ్జీలు తినే పక్కింటామె రావడం మానేసింది. మా స్నేహం బజ్జీల మీదే నిలబడిందని అనను కానీ, బజ్జీలు ఆగాక నిలబడలేదు.

ఇవన్నీ నావి. నా వల్ల పోయినా నాది కానిది ఇంకొకటి ఉంది. మా అత్త నోట్లోని తీపి. ఆమె బెల్లం ముట్టక మూడేళ్లు దాటింది.

మాది భోపాల్‌పట్నంలో దుకాణం. అడవి సరుకు కొని పైకి పంపుతాం. చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ. ఊళ్లు తిరిగి మాట్లాడేది మా ఆయన, కాంటా దగ్గర లెక్క నాది. బళ్లో నేను అయిదో తరగతి దాటలేదు. పెళ్లయి వచ్చాక అత్త తూస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నదే నా చదువు. బస్తా తూగగానే గోనె బరువు తీసేసి అసలు సరుకెంతో నోటితో చెప్పాలి. పచ్చి సరుకైతే, ఎండాక ఎంత తగ్గుతుందో అంచనా కట్టి తరుగు తీయాలి. ఆమె కళ్లు మసకబారాక కాంటా ముందు తాను కూర్చునే గద్దె నాకు ఇచ్చింది. ఇచ్చాక కూడా ఎదురుగా అరుగు మీద కూర్చుని నా తూకం వింటూనే ఉండేది.

బరువు ఒక్కరోజులో రాలేదు. రెండో కాన్పు తర్వాత మొదలై, గద్దె మీద కూర్చున్న ఏళ్లలో పేరుకుంది. పొద్దుట కూర్చుంటే దీపాల వేళకు లేచే పని. ఆకలికీ విసుగుకూ నాకు ఒకటే మందు, ఎదురు హోటలు నుంచి వచ్చే పొట్లం.

“పిల్లా, కాంటాకు జర దూరం కూసో. నీ గాలి తగిలినా అరకిలో ఎక్కువ చూపిస్తది,” అనేది మా అత్త, సరుకు తెచ్చినవాళ్ల ముందే. వాళ్లకు తెలుగు రాకపోతే అదే మాట దోర్లీలో మళ్లీ చెప్పేది, ఒక్కరు కూడా నవ్వకుండా పోకూడదని.

నేనూ నవ్వేదాన్ని. మెట్లెక్కితే మోకాళ్లు, పడుకుంటే ఊపిరి, పరీక్ష చేయిస్తే షుగరు. జగదల్‌పూర్ డాక్టరు మందులు మార్చి మార్చి, చివరికి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ గురించి చెప్పి హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రికి రాసిచ్చాడు. ఖర్చు సంగతి ఇక్కడ రాయను, అది తీరిపోయింది. కానీ బంధువుల్లో ఒకరు అన్న మాట తీరలేదు. “తిని తెచ్చుకున్న రోగానికి కడుపు కోయించుకుంటరా?” అన్నారు. నాకు కోపం రావాలి. రాలేదు. నేను లోపల ఎప్పుడో అనుకున్న మాటే అది. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా అది వాళ్ల తప్పు కాదు. నా రోగం మాత్రం నేను పొట్లం పొట్లంగా కొని తెచ్చుకున్నాననిపించేది.

చింతపండు కాలం మధ్యలో బయలుదేరాం. ఆ పొద్దుట దుకాణం తెరవక ముందు, మాకున్న పెద్ద కాంటా మీద ఎక్కి చూసుకున్నాను. నూటపన్నెండు. మా ఆయన కారు నడుపుతున్నాడు, వెనక నేనూ అత్తా. ఆమె ఎందుకు వస్తానందో నాకు అర్థం కాలేదు. దారిలో కూడా మాటలు విసరడానికేమో అనుకున్నాను.

గోదావరి వంతెన దాటేసరికి భయం పట్టుకుంది. ముందురోజు ఫోనులో ఎవరో ఆపరేషన్ కుట్టు ఊడి చనిపోయిన మనిషి కథ చెబుతుంటే విన్నాను. తాడ్వాయి దగ్గరకు వచ్చేసరికి ఊపిరి ఆడలేదు. అత్త చెయ్యి పట్టుకున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

“అత్తా, నేను తిరిగి రాను. నన్ను చావనియ్యకు,” అన్నాను.

ఆమె నా మొహం చూసి, కొడుకుతో, “బండి ఆపు,” అంది.

అక్కడి నుంచే మేడారానికి దారి చీలుతుంది. మా వైపు వాళ్లందరికీ సమ్మక్క, సారలమ్మే తల్లులు. అక్కడ బెల్లాన్ని బెల్లమనరు, బంగారమంటారు. మనిషి గండం గడిస్తే తక్కెట్లో కూర్చోబెట్టి, ఎంత తూగితే అంత బంగారం తల్లుల గద్దెకు ఇస్తారు. దాన్నే నిలువెత్తు బంగారమంటారు. మా అత్త కారు దిగి, ఆ మలుపు వైపు తిరిగి కొంగు నెత్తిన వేసుకుంది.

“తల్లీ, ఈ పిల్లను మళ్ల నా ఇంటికి తోలు. ఎంతుందో అంత బంగారం ఇస్త.” నా వైపు తిరిగింది. “ఎంతున్నవ్?”

“నూటపన్నెండు.”

“నూటపన్నెండు కిలోలు తల్లీ. పక్కా. ఇచ్చేదాక నా నోట్ల తీపి పెట్టుకోను.”

మా ఆయనకు ఆ వేళలో కూడా నవ్వొచ్చింది. “తల్లి కాడ గూడ తూకం చెప్తున్నవా అమ్మా?”

“చెప్పకపోతే రేపు మీరు తరుగు తీస్తరు,” అంది ఆమె, కారెక్కుతూ.

బెల్లం మానడం ఆమెకు ఎంత పెద్ద మాటో ఇంట్లోవాళ్లకే తెలుసు. పొద్దున్నే పాలు లేని చాయ్, అందులో బెల్లం, అది చాలక బుగ్గన ఇంకో ముక్క. అన్నం లేకపోయినా ఆమెకు నడిచేది, ఆ ముక్క లేకపోతే ఇంట్లో ఎవరికీ నడిచేది కాదు.

ఆపరేషన్ అయి మెలకువ వచ్చాక నొప్పి నేను భయపడిన చోట లేదు. కోసింది పొట్టలో, నొప్పి కుడి భుజంలో. కడుపులోకి పంపిన గాలి అలా పైకి తంతుందని, నడిస్తేనే పోతుందని నర్సు చెప్పింది. నాకు మాత్రం అది కుట్టు ఊడిన నొప్పే అనిపించింది.

“నొప్పి పదిలో ఎంతమ్మా?” అంది నర్సు.

“ఆరున్నర.”

“సగాలొద్దమ్మా. ఆరా, ఏడా?”

“ఏడు రాస్తే అబద్ధమైతది. ఆరు రాస్తే మందు తగ్గిస్తరు,” అన్నాను. ఆ అమ్మాయి నవ్వుకుంటూ ఏదో రాసుకుని పోయింది.

మా ఆయన సరుకు చూసుకోవాలని ఊరికి వెళ్లిపోయాడు. అత్త నా మంచం పక్కన స్టూలు మీద ఉంది. నేను మూలుగుతున్నాను. గద్దె మీద అడిగినట్టే అడిగింది.

“ఎంత తూగుతుంది?”

“ఏంది?”

“నీ నొప్పి. బస్తా లెక్కన చెప్పు.”

“నలభై కిలోలు.”

“గోనె తీసి చెప్పు.”

“నొప్పికి గోనేంది అత్తా?”

“భయం. భయంల కట్టి తెచ్చినవ్ గదా నొప్పిని. గోనె ఎంత, సరుకెంత?”

కళ్లు మూసుకుని నిజంగానే లెక్క వేశాను. చచ్చిపోతానేమోనన్నది పక్కన పెడితే, భుజంలో పోటు ఎంత? కోసిన చోట మంట ఎంత? చాలాసేపు పట్టింది. పన్నెండో పదమూడో అని తేలింది. పదమూడు కిలోల మూట నేను ఒంటి చేత్తో ఎత్తుతాను.

“పదమూడు,” అన్నాను.

“మరి లే. నడువు.”

సెలైన్ స్టాండు పట్టుకుని వసారాలో నడిచాం. నేను స్టాండును ఒక చేత్తో, ఆమెను ఒక చేత్తో పట్టుకుని నడుస్తుంటే ఎదురొచ్చిన ప్రతి ఒక్కరికీ ఆమె స్టాండును చూపించి, “ఇది మా కోడలి కొత్త మొగుడు. మాట్లాడడు, చెప్పినట్టు వస్తడు, మా వాడికంటే నయం,” అని చెప్పింది. నవ్వితే కుట్లు లాగుతాయి. “అత్తా, నవ్వించకు, నీ కాళ్లు మొక్కుత,” అని ఏడుపుగొంతుతో బతిమాలాను. క్యాంటీను కుర్రాడు చాయ్ పోస్తే, అందులో చక్కెర ఉందని వెనక్కి ఇచ్చి, వేడినీళ్లు తాగింది. నాకు నొప్పి తగ్గుతున్న కొద్దీ ఆ వేడినీళ్ల గ్లాసు కంటికి ఎక్కువగా కనబడసాగింది.

మా ఆయన వచ్చి కారులో ఇంటికి తీసుకొస్తుంటే తాడ్వాయి దగ్గర అత్త మళ్లీ, “తిప్పుదమా?” అంది. జాతర కాకపోయినా గద్దెల దగ్గర తూచి ఇచ్చేవాళ్లు ఉంటారు. నేను కుట్లు నొప్పి అన్నాను. నొప్పి నిజమే, కానీ గోనె తీసి చూస్తే చాలా తక్కువ. అసలు సంగతి వేరు. అప్పటికి నేను నూటఆరు. రోడ్డు పక్కన తక్కెట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుంటే, అటు బెల్లం దిమ్మలు ఒకటి తర్వాత ఒకటి పెడుతూనే ఉంటారు. చుట్టూ జనం లెక్కపెడుతుంటారు. ఆ బొమ్మ మనసులో పడింది. నాలో లెక్కలమనిషి ఇంకో మాట కూడా చెప్పింది. ఆగితే తగ్గుతావు, తగ్గాక కూర్చుంటే అందరి ముందు గౌరవంగా ఉంటుంది.

“జాతరలో ఇద్దాం అత్తా. తల్లులు గద్దెకు వచ్చినప్పుడు ఇస్తే ఘనంగా ఉంటది,” అన్నాను.

జాతరకు దాదాపు రెండేళ్లు ఉంది. ఆమె వేలు మడిచి లెక్కపెట్టుకుంది. “సరే తియ్,” అంది.

ఆ రెండేళ్లు ఆమె చేదు చాయ్ తాగింది. నేను తగ్గాను. మొదటి నెలల్లో గుక్కెడు నీళ్లు, చెంచాల కొద్దీ పప్పుకట్టు. ఒక చెంచా ఎక్కువైతే ఛాతీలో రాయి పడ్డట్టుండేది. వాంతి చేసుకుంటుంటే ఆమె వెనక నిలబడి నుదురు పట్టుకునేది. నా ఎదురుగా తినడం మానేసింది. వంటింట్లో గోడ వైపు తిరిగి నిలబడి నాలుగు ముద్దలు మింగి వచ్చేది. “కూసోని తినరాదా?” అంటే, “నువ్వు చూస్తే నా మెతుకులు లెక్కపెడ్తవ్,” అనేది. ఎదుటివాళ్ల కంచంలో ఎంత ఉందో నా కళ్లు నిజంగానే తూస్తూ ఉండేవి. నాకు తెలియకుండానే ఇల్లంతా తక్కువ తినడం మొదలుపెట్టింది.

జాతర వచ్చింది. అరవై ఒకటి చూపించింది తూకం. తూచేవాడు గట్టిగా అరిచి చెప్పాడు. నాకు సిగ్గు వేయలేదు. నిజం చెప్పాలంటే గర్వం వేసింది. తక్కెట్లోంచి దిగి చీర సర్దుకుంటూ, ఇంకోసారి అరిస్తే బాగుండుననుకున్నాను. మా ఆయన ఫొటో కూడా తీశాడు. అప్పుడు చూశాను అత్త మొహం.

“నూటపన్నెండు గదా,” అంది.

“అత్తా, ఇచ్చేనాటి ఎత్తే ఎత్తు. పచ్చి ఇప్పపువ్వుకు మాట్లాడుకున్నా, ఎండినంక తూగిందే గదా మనం కొనేది? తరుగు ఎవరు తీయరు?”

నా నోటికి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు కుంచించుకుపోతుంది. వ్యాపారంలో అది న్యాయమే. ఆమె నేర్పిన న్యాయమే.

ఆమె, “ఇప్పపువ్వు నా చెయ్యి పట్టుకొని చావనియ్యకని ఏడ్వలే,” అంది. తర్వాత అరవై ఒక్క కిలోల బంగారం ముందు దండం పెట్టుకుంది. లేచి, నన్ను కిందినుంచి పైదాకా చూసి, “నేను మొక్కింది ఆ బండ కోడలి కోసం. ఈ సన్నదెవతో నాకెర్కలే,” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర ఆమె చాయ్‌లో బెల్లం వేసుకోలేదు. డబ్బా మూత తీసి, తనకోసం కాదు, మా ఆయన గ్లాసులో వేసి మూత పెట్టింది. నేను గడపలో నిలబడి చూశాను.

మిగిలిన యాభై ఒక్క కిలోలు బస్తా కట్టి పంపిస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. “మనిషి కూసోకుండ తక్కెట్ల బంగారమేంది? అది దుకాణం సరుకైతది.” మా ఆయన తాను కూర్చుంటానన్నాడు. “నీకు గండం రాలే, నీ నోటితో మొక్కలే. నీదేంది నడుమ?” అంది. నేను వాదించడం మానేశాను. ప్రతి పొద్దునా ఆ గ్లాసు చూడటం మాత్రం మానలేకపోయాను. ఆమెకు డెబ్బై దాటింది. చలికాలంలో దగ్గు వస్తే, మంచం మీద ముడుచుకుని ఉంటే, నాకు ముందు గుర్తొచ్చేది ఆ అంకె. ఆమె ఈ బాకీతో పోతే ఆ తర్వాత నేను ఏ తీపిని ఎలా మింగుతానో తెలియదు.

బహుశా అందుకేనేమో, నేను ఇంకా తక్కువ తినడం మొదలుపెట్టాను. పొద్దున కాంటా, మధ్యాహ్నం కాంటా. రెండు వందల గ్రాములు పెరిగినట్టు కనిపిస్తే ఆ పూట ముద్ద దిగేది కాదు. మళ్లీ పాత మనిషినవుతానన్న భయం. ఒకరోజు మధ్యాహ్నం కరక్కాయ తూస్తూ గద్దె మీదే కళ్లు తిరిగి పడిపోయాను. హైదరాబాద్ డాక్టరుకు ఫోను చేస్తే రక్తపరీక్షలు చేయించి పంపమన్నాడు. చూసి మందలించాడు. “మీరు తినాల్సినదాంట్లో సగం కూడా తినడం లేదు. మాంసకృత్తులు లేవు, జుట్టు ఊడకేం చేస్తుంది? ఇంకో అయిదారు కిలోలు పెరిగినా మీకు మంచిదే,” అన్నాడు.

ఫోను స్పీకర్ మీద ఉంది. అరుగు మీద నుంచి అత్త విన్నది. లేచి వచ్చి, చెప్పులు విడిచి, కాంటా మీద ఎక్కి నిలబడింది.

“చూడు ఎంతున్న.”

“ఎందుకత్తా?”

“మొక్కిన నోరు నాది, గండం నీది. ఇద్దరిదీ ఒక్క మొక్కే. నేను గూడ కూసుంట. నేను తూగింది ఆ యాభై ఒకటిల పోతది. చూడు.”

నేను అంకె చూశాను. ఇన్నేళ్లలో అడవి అంతా తూచాను, ఈమెను ఎన్నడూ తూచలేదు. నలభై ఆరు. నన్ను చూసుకున్న ఈ మూడేళ్లలో, గోడ వైపు తిరిగి తిన్న ఆ ముద్దల్లో, ఇందులోంచి ఎంత పోయిందో చెప్పే పాత అంకె నా దగ్గర లేదు.

“సరిపోయిందా?”

సరిపోయిందని చెప్పేయాలనిపించింది. ఆమె కళ్లకు అంకె కనిపించదు.

“అయిదు తక్కువ,” అన్నాను.

“అయిదేనా? ఇచ్చిన అరవై ఒకటి మీద అది నువ్వు తేవాలె, అరవై ఆరు గావాలె.” కాంటా దిగి చెప్పులు వెతుక్కుంటూ, “ఒకప్పుడు ఒక్క పెండ్లిల తెచ్చేదానివి,” అంది.

ఆ రోజు నుంచి తింటున్నాను. ఆమె ఎదురుగా కూర్చుని తింటుంది, గోడ వైపు తిరగదు. ఉడికించిన గుడ్డు, చేప ముక్క, గట్టి పప్పు. చిన్న గిన్నెతో, మెల్లగా, ఛాతీలో రాయి పడకముందే ఆగిపోతూ. ముద్ద ముద్దకూ భయం వస్తుంది. గోనె తీసి చూసుకుంటాను. కాంటా ఇప్పుడు వారానికి ఒక్కసారే, అదీ ఆమె పక్కన నిలబడితేనే ఎక్కుతాను. అంకె పెరిగిందని పైకి చదివి చెప్పడం నాకింకా అలవాటు కాలేదు. చదువుతుంటే గొంతు తగ్గిపోతుంది. “గట్టిగ చెప్పు, తల్లికి వినపడాలె,” అంటుంది.

వచ్చే మాఘంలో మళ్లీ జాతర. ఇద్దరం ఒకే తక్కెట్లో పడతామా లేదా అని మా ఆయనకు అనుమానం. ఆమె ఇవాళ కూడా చేదు చాయ్ తాగింది. ఈ పొద్దున కాంటా మీద నేను అరవై రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. ఇంకా రావలసింది మూడు కిలోల ఆరు వందలు.